బాల్కనీలో డెబ్బై ఒకటి, వెనక సందులో ఇరవై ఏడు

మొయినాబాద్,
10 నవంబర్ 2024

చెల్లె స్వప్నికకు,
అక్క విమల దీవించి రాసేది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకు. దసరా నాడు మనం ఫోన్‌లో అనుకున్న మాటలన్నీ బాపు నా పక్కనే కూర్చుని విన్నాడు. వినగానే తీర్పు చెప్పేశాడు: "ఇగ మీరిద్దరు ఫోన్ల మాట్లాడొద్దు. కాయితం మీద రాసుకోండ్రి. రాస్తే చెయ్యి నొస్తది, తిట్లు తక్కువైతయి." చిన్నప్పుడు మనచేత మేనమామలకు ఉత్తరాలు రాయించినట్టే ఇప్పుడూ ఎదురుగా కూర్చున్నాడు, రాత పుస్తకంలో ఉన్నట్టు ఉండాలట. బాలమల్లు రోజూ చేవెళ్ల నుంచి కూరగాయల ట్రాలీ వేసుకుని మా దుకాణం ముందు నుంచే మెహదీపట్నం పోతాడు కదా, మన టపా అతనే మోస్తాడు.

ఇప్పుడే బాపు లేచి నీళ్ళకు పోయాడు. అసలు సంగతికి వస్తాను. శంకర్‌పల్లి పెళ్ళిలో మేనత్తతో ఏమన్నావు నువ్వు? "అక్క బాపును తీస్కపోయి రోడ్డు మీద కూసోబెట్టింది, పొగ తాగిపిస్తున్నది" అన్నావట. నీ నోట్లో నువ్వు గింజ నానదు. అమ్మ పోయి, బాపు దుకాణం మూసేసి మూడేళ్ళయింది. మనకు అన్నదమ్ములు లేరు. కూతురింట్లో ఊరికే కూర్చుని తినకూడదని మన వాళ్ళ పట్టింపు. "పని ఇస్తెనే వస్త" అన్నాడు. నేను పని ఇచ్చాను. పొద్దున ఏడింటి నుంచి పై బాల్కనీలో కుర్చీ వేసుకుని మా కిరాణా దుకాణానికి కాగితం పొట్లాలు చుడతాడు. అది రోడ్డు మీద కూర్చోబెట్టడమా?

దగ్గు మాట నిజమే. చలి మొదలయ్యాక ఎక్కువైంది. డాక్టరు మందు రాయకముందు ఇల్లెక్కడ అని అడిగాడు, రోడ్డు మీదే అంటే మొహం అదోలా పెట్టాడు. ఆ వారమే ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ నుంచి దీవెన అనే అమ్మాయి వచ్చింది. బండ్ల పొగ ఏ వీధిలో ఎంత ఉందో కొలుస్తుందట. వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు, రెండు వారాలు కట్టి ఉంచి మళ్ళీ విప్పుకుపోతుంది. మా బాల్కనీకి ఒకటి, వెనక సందు వైపు గది కిటికీకి ఒకటి, బస్టాపు స్తంభానికి ఒకటి కట్టింది. నీ మాట అబద్ధమని లెక్కతో సహా తేలుతుంది, చూసుకో.

మరిదిని అడిగానని చెప్పు.

నీ అక్క,
విమల


చేవెళ్ల,
17 నవంబర్ 2024

అక్కకు స్వప్నిక నమస్కారాలు.

మేనత్త ఒకటికి పది కలిపి చెప్పింది. నేను అన్నది "పాపం బాపు, పొగలో దగ్గుతున్నడు" అని మాత్రమే. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకుంటున్నావు.

నువ్వు నీ బాధ రాశావు, నా బాధ కూడా విను. చేవెళ్ల నుంచి పట్నం పోయే ప్రతి బస్సూ నీ బాల్కనీ కిందనుంచే పోతుంది. దిగిన ప్రతివాళ్ళూ నేరుగా మా బట్టల దుకాణానికి వచ్చి చెబుతారు. "మీ బాపును చూసినం, తెల్ల పంచె కట్టిండు." "మీ బాపుకు మీ అక్క గాజు గిలాసల చాయ్ ఇస్తున్నది." పోయిన వారం పాలు పోసే లిదియమ్మ కూడా అంది, "పెద్దబిడ్డ అదృష్టవంతురాలు" అని. నేను రవిక గుడ్డ కొలుస్తూ కొలుస్తూ లెక్క తప్పాను.

నేనేం పాపం చేశానక్కా? మూడేళ్ళలో బాపు నా ఇంట్లో ఉన్నది పదకొండు రోజులు. నేను చిన్నదాన్ని. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియర్ మీద నువ్వు. అది నువ్వు ఇప్పటికీ మరచిపోలేదని నాకు తెలుసు.

ఆ దీవెనను మా ఇంటికి కూడా ఒక గొట్టం కట్టమను. మాది ఊరి మధ్యలో ఇల్లు, హైవే కాదు. పనికేం తక్కువ, మా దుకాణంలో బట్టలు మడతపెట్టొచ్చు. మా ఆయన సాయిదీప్ "మామయ్య వస్తానంటే నేనే పోయి తెస్త" అన్నాడు.

నీ చెల్లె,
స్వప్నిక


మొయినాబాద్,
8 డిసెంబర్ 2024

స్వప్నికకు,

లెక్కలొచ్చాయి. దాచిపెట్టే అలవాటు నాకు లేదు కాబట్టి రాస్తున్నాను. బస్టాపు దగ్గర ఎనభై ఎనిమిది. మా బాల్కనీ డెబ్బై ఒకటి. వెనక సందు కిటికీ ఇరవై ఏడు. గండిపేట చెరువు పక్కన పంతొమ్మిదట, జన్వాడ మలుపులో ఇరవై రెండట. సంఖ్య ఎంత పెద్దదైతే పొగ అంత ఎక్కువ. మా ఆయన ముందు తిరగేసి అర్థం చేసుకుని "మనకు డెబ్బై ఒకటి వచ్చింది, ఫస్ట్ క్లాసే కదా" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకటే ఇల్లు, ఒకటే కప్పు. ముందు నుంచి వెనకకు అరవై అంగలు. దీవెన కుర్చీలో కూర్చుని పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఆంటీ, ఊరికంతా ఒకటే గాలి అనుకుంటరు అందరు. కాదు. బండి ఆగి మళ్ళా లేచే కాడ పొగ ఎక్కువ. రెండు దిక్కుల ఎత్తు ఇండ్లుంటే అది బయటికి పోదు, ఆడనే తిరుగుతది. రోడ్డుకు జర దూరం పోతే సగం తగ్గుతది." బాపు పొట్లం చుడుతూనే విన్నాడు. "అయితే నేను మూడేండ్ల సంది తప్పు కుర్చీల కూసున్న" అన్నాడు. అని నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు.

వెనక గదికి మార్చొచ్చు కదా అంటావు. అక్కడ సరుకు బస్తాలున్నాయి. చీకటి గది. బాపును మూలకు పడేసిందని రేపు నువ్వే ఇంకో పెళ్ళిలో అంటావు.

దీవెన వాళ్ళ అమ్మమ్మగారిది మీ వైపే. మీ ఇంటికీ ఒకటి కడతానంది. కట్టించుకో. మీ ముందుగది కిటికీ ఎదురుగా తెల్లారకముందే కూరగాయల లారీలు ఇంజన్ ఆపకుండా నిలబడతాయి కదా, దానికీ ఒక సంఖ్య వస్తుంది.

విమల


చేవెళ్ల,
5 జనవరి 2025

అక్కకు నమస్కారాలు.

ఇరవై నాలుగు.

మళ్ళీ చదువుకో. మీ బస్టాపు ఎనభై ఎనిమిది, మీ బాల్కనీ డెబ్బై ఒకటి, నా ఇల్లు ఇరవై నాలుగు. మీ వెనక సందు కన్నా తక్కువ. లారీలని ఎగతాళి చేశావు. లారీలు ఎక్కడ నిలబడితే ఏం, మా వీధికి గాలి బాగా ఆడుతుంది. దీవెన కాగితం మీద రాసి ఇచ్చింది, నేను నోటితో చెబుతున్నది కాదు.

ఇంకేం సాకు చెబుతావో చెప్పు. ముందుగదిలో మంచం వేశాను, కొత్త దుప్పటి పరిచాను. ఆదివారం సాయిదీప్ కారు తీసుకుని వస్తాడు. బాపు మందుల చీటీ, గొంతుకు చుట్టుకునే ఆ ముదురు నీలం మఫ్లరు, రెండూ మరచిపోకుండా ఇవ్వు.

నీ చెల్లె,
స్వప్నిక


మొయినాబాద్,
19 జనవరి 2025

స్వప్నికకు,

పంపాను. లెక్క నీ వైపే ఉంది కాబట్టి మందుల చీటీ, మఫ్లరు కూడా సంచిలో పెట్టాను.

బాపు కారెక్కేటప్పుడు వెనక్కి చూస్తాడని నిలబడ్డాను. సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో సాయిదీప్‌ను అడుగుతూ వెళ్ళిపోయాడు. బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉంది. కింద నిలబడి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, "పెద్దాయన ఏడి" అని. చేవెళ్లలో ఉన్నాడు అంటే "అట్లనా, చిన్నబిడ్డ కాడికి పోయిండా" అంటారు. ఆ "అట్లనా"లో ఏముందో నీకు అర్థం కాదు.

కొన్ని జాగ్రత్తలు. ఆకలేస్తే చెప్పడు, మంచినీళ్ళు అడుగుతాడు. అదే గుర్తు. జొన్నరొట్టె మెత్తగా చెయ్యి, ఎడమ పక్క పళ్ళు లేవు. పడుకునేటప్పుడు వాము వేసి కాచిన నీళ్ళు. ఇవన్నీ నీకు తెలియవని కాదు, తెలుసుకునే అవసరం మూడేళ్ళు నీకు రాలేదు.

దగ్గు ఎట్లా ఉందో రాయి. బాపును కూడా రెండు ముక్కలు రాయమను. మనకు రాసుకొమ్మని తీర్పు చెప్పిన మనిషి తాను ఒక్క అక్షరం రాయడేం?

విమల


చేవెళ్ల,
2 ఫిబ్రవరి 2025

అక్కకు నమస్కారాలు.

బాపు బాగున్నాడు. దగ్గు తగ్గింది. దాదాపు లేదనే చెప్పాలి. రెండు రొట్టెలు తింటున్నాడు. వాము నీళ్ళు ఇస్తున్నాను. "ఇక్కడ మంచిగున్నది బిడ్డ" అంటున్నాడు.

రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడమే. పగలంతా దుకాణంలో నలుగురితో కబుర్లు. బాల్కనీ అలవాటేమో, రాత్రి కూడా కూర్చునే నిద్రపోతాడు, దిండ్లు ఎత్తుగా పెట్టించుకుంటాడు. కిటికీ మూసే ఉంచుతున్నాం, చలికి. లిదియమ్మ రోజూ పాలు పోస్తూ పలకరిస్తుంది, "బిడ్డ కాడికి వచ్చినంక మొహంల కళ వచ్చింది తాత" అంటుంది.

నువ్వు ఫికర్ చేయకు. ఇప్పుడే రావాల్సిన అవసరం కూడా లేదు. దుకాణం వదిలి ఎట్లా వస్తావు.

స్వప్నిక


మొయినాబాద్,
16 ఫిబ్రవరి 2025

స్వప్నికకు,

చాలా సంతోషం. నా ఇంట్లో మూడేళ్ళు దగ్గిన మనిషి నీ ఇంట్లో మూడు వారాల్లో కళకళలాడుతున్నాడు. మొహంలో కళ వచ్చిందని ఊళ్ళో వాళ్ళు అంటున్నారు కూడా. అంటే నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ లేదనేగా.

బాలమల్లును అడిగాను, నువ్వు రాసినదాంట్లో నిజమెంతో తెలుసుకుందామని. దాచడమెందుకు, అబద్ధమైతే బాగుండునని అడిగాను. అతనేమన్నాడో చూడు. "తాత మంచం మీద రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ముందటికి వంగి కూసున్నడక్కా. మీ పెద్దబిడ్డ అడిగిందని చెప్పిన. సూసిండు గని పలుకలె. చెయ్యి కూడ ఎత్తలె." విన్నావా? నా పేరు చెబితే చెయ్యెత్తడానికి కూడా ఓపిక లేకపోయిందా ఆయనకు? పెద్దబిడ్డ పేరు అంత బరువైపోయిందా?

శివరాత్రికి రమ్మని సాయిదీప్ మా ఆయనను పిలిచాడట. నేను రాను. నా దగ్గర ఆయన చుట్టిన పొట్లాలు ఇంకా రెండు కట్టలున్నాయి. దుకాణంలో వాడొద్దని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. మీ ఇరవై నాలుగు మీకే ఉండనీ.

విమల


చేవెళ్ల,
28 ఫిబ్రవరి 2025

అక్కా,

మొన్న శివరాత్రి పొద్దున "బాపును దవాఖానకు తీస్కపోతున్నం, రా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాను. నువ్వు ఉపవాసం మీద పరుగెత్తుకొచ్చావు. నిన్న ఆక్సిజన్ తీసేశాక వరండాలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిగనే చూస్కున్నవ్, నేనే కండ్లల్ల నిప్పులు పోసుకున్న" అన్నావు. నువ్వు తిట్టి ఉంటే ఎప్పటికీ చెప్పకపోదును. ఆ మాట అన్నాక ఇక దాచలేను. నోటితో చెప్పలేను, రాస్తున్నాను.

ఆ ఇరవై నాలుగు మా ముందుగదిది కాదు.

దీవెన వచ్చిన రోజు గొట్టాన్ని ముందుగది కిటికీ చువ్వకు కట్టింది. "తాత పండుకునే కాడనే ఉండాలె అక్కా, కదపొద్దు" అని రెండుసార్లు చెప్పింది. ఆ సాయంత్రమే స్టూలు వేసుకుని విప్పాను. వెనక పెరట్లో స్నానాలగది పక్కన బట్టల తీగకు కట్టాను. అక్కడికి లారీ మోత కూడా వినపడదు. ఆమె వచ్చే రోజు పొద్దున్నే తెచ్చి మళ్ళీ చువ్వకు కట్టాను. అది గాలి పీల్చిన చోటు ఒకటి, బాపు గాలి పీల్చిన చోటు ఒకటి.

అప్పుడు తప్పనిపించలేదు. ఇల్లు ఒకటే కదా, పెరడు కూడా నా ఇల్లే కదా అనుకున్నాను. నీ ఇంట్లో బాల్కనీకీ వెనక సందుకీ ఎంత తేడా ఉందో నువ్వే రాసి పంపావు. చదివి కూడా అట్లా అనుకున్నాను.

బాపు వచ్చిన వారానికే మొదలైంది. నాలుగింటికి లారీలు వస్తే లేచి కూర్చునేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. అందుకే ఎత్తు దిండ్లు. బాలమల్లు చూసింది కూడా అదే, మోకాళ్ళ మీద చేతులు ఊనుకుంటే తప్ప ఆయనకు గాలి అందలేదు. నీ పేరు బరువై కాదక్కా. పెరటి వైపు మంచం వేద్దామంటే అక్కడ గది లేదు. తిరిగి నీ దగ్గరికి పంపిద్దామని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ నీ ఉత్తరమే వచ్చింది.

ఇది కూడా చెప్పేస్తాను. నువ్వు కుళ్ళుకుంటూ రాసిన ఆ ఉత్తరాలు నాకు తియ్యగా ఉండేవి. "అట్లనా" అని రాసిందాన్ని దిండు కింద పెట్టుకుని మూడుసార్లు చదివాను. మూడేళ్ళు నేను పడ్డది నువ్వు మూడు వారాలు పడుతున్నావని లోపల చల్లగా ఉండేది. బాపు పక్కగదిలో ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను నీకు "కళ వచ్చింది" అని రాశాను. లిదియమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు.

దీవెనకు ఫోన్ చేసి చెప్పాను. ఏ రోజు విప్పానో, ఎక్కడ కట్టానో అడిగి రాసుకుంది. తర్వాత, "ఆ ఒక్క లెక్క మీద మీ బజారు వీధంతా గాలి మంచిదని పటంల ఆకుపచ్చ రంగు ఏసిన అక్కా. ఆ వీధిల ఇంకా ఎంతమంది పెద్దోళ్ళున్నరో" అంది. మళ్ళీ వచ్చి కడుతుందట. ఈసారి నేను దాని దగ్గరికి కూడా పోను.

బాపును నువ్వు తీసుకుపో. నన్ను ఏమనాలనుకుంటే అది అను.

స్వప్నిక


మొయినాబాద్,
16 మార్చి 2025

చెల్లె స్వప్నికకు,
అక్క విమల రాసేది.

నీ ఉత్తరం చదివిన రోజు చింపేద్దామనుకున్నాను. నిన్ను నాలుగు ఊళ్ళు వినేటట్టు తిడదామనుకున్నాను. తిట్లన్నీ మనసులో వరుసగా పెట్టుకున్నాక నా సంగతి నాకు గుర్తొచ్చింది. అందుకే రెండు వారాలు రాయలేదు.

బాపు నా దగ్గరికి వచ్చిన మర్నాడే వెనక గది ఖాళీ చేయించాను. బస్తాలు తియ్యడానికి ఒక్క పూట పట్టింది. సున్నం వేయించాం, కిటికీ తలుపు తీయించాం, చీకటి కూడా పోయింది. అక్కడే పడుకుంటున్నాడు. దగ్గు ఉంది కానీ పడుకుని దగ్గుతున్నాడు. డాక్టరు నయమే అన్నాడు.

ఒక్క పూట పని, స్వప్నికా. డిసెంబర్‌లో లెక్క చెప్పిన రోజునే దీవెన అంది, "ఆంటీ, తాతను ఈ గదిలకు మార్చుండ్రి, ఇంకేం అవసరం లేదు" అని. నీకు రాసిన ఉత్తరంలో ఆ మాట నేను రాయలేదు. బస్తాలని రాశాను. మా ఆయన కూడా ఖాళీ చేద్దామన్నాడు, నేనే వద్దన్నాను.

ఎందుకంటే వెనక గదిలో ఉంటే బాపు ఎవరికీ కనపడడు. బాల్కనీలో ఉంటే చేవెళ్ల బస్సులన్నిటికీ కనపడతాడు. బస్సులో వాళ్ళు పోయి నీతో చెబుతారు. చెప్పాలనే కూర్చోబెట్టాను. ఆ తెల్ల పంచె నేను రోజూ ఉతికించింది అందుకే, గాజు గిలాసలో చాయ్ ఇచ్చింది అందుకే. ఇంట్లో స్టీలు గిలాసలు లేవా? నువ్వు రవిక గుడ్డ కొలుస్తూ లెక్క తప్పావని చదివినప్పుడు ఆ పూట నేను పాయసం వండుకున్నాను. నువ్వు రెండు వారాలు గొట్టం మార్చావు. నేను మూడేళ్ళు మనిషిని పొగలో పెట్టాను, తెలిశాక కూడా నెలకు పైగా తియ్యలేదు. ఎవరు ఎక్కువ చేశారో లెక్క చూస్తే అందులో కూడా నేనే పెద్దదాన్ని.

ఇవన్నీ బాపుకు చెప్పాను. నీది, నాది రెండూ. కోప్పడతాడనుకున్నాను. గోడ వైపు చూస్తూ విని, "అదంత సరే గని, నా కుర్చీ మళ్ళ బాల్కనీల ఎయ్యి" అన్నాడు. పొగ అన్నాను, డాక్టరు అన్నాను, డెబ్బై ఒకటి అన్నాను. వినడు. చివరికి గట్టిగా అడిగితే ఏం చెప్పాడో వినవే.

"చిన్నది నెలకొక్కపారి దుకాణం బట్టలకు పట్నం పోతది. మీ ఇద్దరికి పడదు, ఈడ దిగదు. బస్సుల కిటికీ కాడ కూసుంటది. ఏ దినం పోతదో నాకు తెల్వదు గదా. అందుకే రోజు కూసుంట."

మూడేళ్ళలో నిన్ను తొమ్మిదిసార్లు చూశాడట. ఒకసారి నువ్వు నిద్రపోతున్నావట.

ఈ మాట నీకు రాయకూడదనుకున్నాను. నాలుగు రోజులు దాచుకున్నాను. నా బాల్కనీలో, నా చాయ్ తాగుతూ, నా దుకాణం పొట్లాలు చుడుతూ ఆయన ఎదురుచూసింది నీ కోసమని నా చేత్తో నేనే రాయాల్సి వచ్చింది. రాశాను. ఇంతకన్నా పెద్ద శిక్ష నువ్వు నాకు వేయలేవు.

ఇప్పుడు సంగతేమిటంటే, వెనక గది నుంచి బస్సు కనపడదు. అందుకని అక్కడ ఉండనంటున్నాడు. నువ్వు వారానికోసారి వచ్చి ఎదురుగా కూర్చుంటేనే ఉంటాడట. లేకపోతే కుర్చీ బాల్కనీలోకే అంటున్నాడు. అన్నంత పనీ చేస్తాడు, ఆయన సంగతి తెలుసు కదా. ఆదివారం పొద్దుటి బస్సుకు బయలుదేరు. మా దుకాణం ముందే దిగు.

నాకు కడుపు మండుతోంది. అయినా రా.

అక్క,
విమల